కాగితం మీద ఏర్పాట్లు – కట్ట మీద వరద



మన సంఘం ప్రత్యేక సంచికకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల చరిత్రకు సంబంధించి ఏదైనా వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరినారు. దోమకొండ కోట గురించి రాద్దామని మొదట అనుకున్నాను. నాలుగు పేజీలు రాసి పక్కన పెట్టినాను. 2025 ఆగస్టు 27 నాటి వరదను చూసిన తరువాత, రెవెన్యూ శాఖలో జీతం తిని, ఇప్పుడు పింఛను తింటున్న మనిషిగా నేను చెప్పవలసినది మరొకటి ఉన్నదని అనిపించింది. ఇది కూడా చరిత్రే. కాకపోతే ఇందులో మన పాత్ర కూడా ఉన్నది. అందుచేత రాయడం కొంత కష్టమైంది.

ఆ రోజు వినాయక చవితి. కార్యాలయాలకు సెలవు. పిల్లలు మండపాల దగ్గర ఉన్నారు, పెద్దలు పూజలో ఉన్నారు. వాన మొదలై ఆగకుండా కురిసింది. రాజంపేట మండలం అర్గొండలో 24 గంటల్లో 40 సెంటీమీటర్లు దాటి వర్షం నమోదైంది. అంటే వానాకాలమంతా కలిపి కురవవలసిన దానిలో రమారమి సగం ఒక్క రోజులో కురిసిందన్నమాట. కామారెడ్డి పట్టణంలో పెద్ద చెరువు మత్తడి దూకి, వాగు పొంగి జీఆర్ కాలనీ నీట మునిగింది. ఇళ్ళ ముందు నిలిపిన కార్లు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోయినవి. జనం మిద్దెల మీదికి ఎక్కి కేకలు వేసినారు. తలమడ్ల దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వేలాడినవి. 44వ నంబరు జాతీయ రహదారి మీద వాహనాలు బారులు తీరి నిలిచిపోయినవి.

ఇంత వాన ఎవరూ ఊహించలేదని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. వాన ఎవరి చేతిలోనూ లేదు. కాని వాన కబురును వాగు పక్కనున్న ఇంటి తలుపు దాకా చేర్చే మనిషి ఉన్నాడా, లేడా అన్నది మాత్రం ప్రభుత్వం చేతిలోని సంగతి. నా వ్యాసమంతా ఆ ఒక్క మనిషి గురించే.

చెరువుల గొలుసు

మన ప్రాంతం గొలుసుకట్టు చెరువుల ప్రాంతమని మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి, అక్కడినుంచి ఇంకో చెరువులోకి పోతుంది. మామూలు సంవత్సరంలో ఇది వరం. అతివృష్టి వచ్చిన రోజున ఇదే శాపం. పైన ఒక్క కట్ట తెగితే కింద నాలుగు కట్టలు తెగుతవి.

ఈ సంగతి మన రాష్ట్రంలో 117 ఏళ్ళ కిందటే కాగితం మీదికి ఎక్కింది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగి సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకున్నది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన లెక్కలు తీసి చూస్తే, మూసీకి నీళ్ళు పంపే ప్రాంతంలో 788 చెరువులుండగా, వాటిలో 221 ఆ వానకు తెగినవని తేలింది. అంటే నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, తెగిన చెరువులు కూడా. అప్పుడు శంషాబాదులో 24 గంటల్లో పడిన వాన 12.8 అంగుళాలు, సుమారు 32 సెంటీమీటర్లు. మొన్న అర్గొండలో పడింది అంతకంటే ఎక్కువ.

విశ్వేశ్వరయ్యగారి సలహా ప్రకారం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. ఒక పెద్ద ఆపద వచ్చిన తరువాత ప్రభుత్వం కారణం వెతికి, లెక్క కట్టి, రెండు పెద్ద కట్టడాలతో జవాబు చెప్పిందంటే అది చిన్న విషయం కాదు. రాజరికాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. లెక్క కట్టిన తరువాత పని జరిగిందని మాత్రమే చెబుతున్నాను.

పోచారం నిలిచిన వైనం

అదే కాలంలో మన ఎల్లారెడ్డి ప్రాంతానికి రెండు ప్రాజెక్టులు వచ్చినవి. నాగిరెడ్డిపేట మండలంలో ఆలేరు వాగు మీద పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. మంజీర నది మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. పోచారం మత్తడి దూకిన నీరు మంజీరలో కలిసి నిజాంసాగర్‌కు చేరుతుంది. కాబట్టి నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పల్లెలు పైన ఒక ప్రాజెక్టుకు, కింద ఒక ప్రాజెక్టుకు మధ్య బతుకుతున్నవి. పై నీరు ఎంత వస్తున్నదో, కింద గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియడం వీళ్ళకు ప్రాణావసరం.

పోచారం కట్టినప్పుడు 70 వేల క్యూసెక్కుల వరదకు సరిపడే విధంగా కట్టినారు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో వచ్చిన వరద నీటిపారుదల శాఖ లెక్క ప్రకారం సుమారు 1.80 లక్షల క్యూసెక్కులు. అంటే రెండున్నర రెట్లు. నీరు కట్ట మీదుగా పొర్లింది, ఒక పక్క మట్టి కోసుకొనిపోయింది. కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాల జనాన్ని రాత్రికి రాత్రి తరలించినారు. కాని వంద సంవత్సరాలు దాటిన ఆ రాతి కట్ట నిలిచింది. ఆ రోజు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతాలకు దక్కిన అదృష్టం అంతా ఇంతా కాదు.

అదృష్టం అనే మాట ఆలోచించే వాడినాను. 70 వేలకు కట్టిన కట్ట 1.80 లక్షలకు నిలిచిందంటే గొప్పతనం ఆనాటి మేస్త్రీలది. ముందుచూపు మాత్రం మనది కాదు. ఆనాడు వేసిన లెక్కను ఈ వందేళ్ళలో కాలానికి తగినట్టుగా సరిచేసి, దానికి తగిన ఏర్పాటు చేసి ఉంటే అదృష్టం మీద ఆధారపడవలసిన పని ఉండేది కాదు.

నీరడి, కావలికారు

మన చిన్నతనంలో ప్రతి చెరువుకు ఒక నీరడి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూడడం ఆయన పని. వాన పెద్దదైతే రాత్రి లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగేవాడు. ఎక్కడ ఊట పడుతున్నది, ఎక్కడ ఎలుక బొరియ ఉన్నది, మత్తడి ఎన్ని జానల ఎత్తున పోతున్నది అన్నది ఆయనకు కంఠతా వచ్చు. ప్రమాదమనిపిస్తే ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చి పటేల్‌ను లేపేవాడు. డప్పు మోగేది. అది సైరనుకంటే ముందు పుట్టిన సైరను.

ఆ వ్యవస్థను ఆకాశానికి ఎత్తను. పటేల్, పట్వారీల దౌర్జన్యం, వెట్టిచాకిరి ఎరిగిన తరం మనది. ఆ నీరడికి, ఆ కావలికారుకు దక్కిన కూలీ ఎంత, మర్యాద ఎంత అన్నది కూడా తెలుసు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు సంతోషించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పోవలసిన వ్యవస్థ పోయింది. కాని దానిలో చెరువు కట్ట మీద తిరిగే పని ఒకటి ఉండేది. ఆ పని ఎవరో ఒకరు చేయాలి కదా! దానిని మర్యాదగల ఉద్యోగంగా మార్చి ఎవరికైనా అప్పగించవలసింది. అది జరగలేదు.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ పనులు మన సదాశివనగర్ పాత చెరువు దగ్గరనే మొదలైనవి. చెరువుల పూడిక తీసినారు, కట్టలు, తూములు బాగుచేసినారు. మంచి పని. కాని చెరువుకొక మనిషి అన్న పాత ఏర్పాటు తిరిగి రాలేదు. కట్టకు మట్టి దొరికింది గాని కాపలా దొరకలేదు.

జాబితాలో మూడో పేరు

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు.

1980 దశకంలో నేనొక కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాను. ఏ ఊరన్నది ఇక్కడ అనవసరం. ప్రతి యేటా మే నెలాఖరుకు పై కార్యాలయం నుంచి ఒక తాఖీదు వచ్చేది. వర్షాకాలం ముందస్తు ఏర్పాట్ల నివేదిక పంపవలసిందని దాని సారాంశం. ఇసుక బస్తాలు ఎన్ని, పడవలు ఎన్ని, జనాన్ని చేర్చడానికి బడులు ఎన్ని, గజ ఈతగాళ్ళు ఎవరెవరు అని అందులో గడులు ఉండేవి. పాత ఫైలు తీసి, తేదీ మార్చి, శుభ్రమైన నకలు రాసి సంతకానికి పెట్టేవాణ్ణి. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకే వచ్చేది. నివేదిక గడువులోపల పోయేది. పైనుంచి ఏ ఆక్షేపణా వచ్చేది కాదు. ఆ పద్ధతి మన మిత్రులకు కొత్త కాదు.

ఒక ఆగస్టులో వాగు వచ్చింది. సంత నుంచి తిరిగి వస్తున్న రెండు బండ్లు, పది పన్నెండు మంది మనుషులు వాగు నడుమ ఒక దిబ్బ మీద చిక్కుకున్నారు. కబురు వచ్చింది. ఫైలు తీయమన్నారు. తీసినాను. ఈతగాళ్ళ జాబితాలో నాలుగు పేర్లున్నవి. అటెండరు సైకిలు మీద బయలుదేరినాడు. మొదటి మనిషి దుబాయికి పోయినాడు. రెండో మనిషి బొంబాయిలో ఉన్నాడు. మూడో మనిషి ఇంటికి పోతే ఆయన భార్య బయటికి వచ్చి, “ఆయన పోయి రెండేండ్లాయె సారూ” అన్నదట. నాలుగో మనిషి అరవై దాటినవాడు, మంచానికి అతుక్కొని ఉన్నాడు.

అటెండరు తిరిగి వచ్చేసరికి వాగు దగ్గర పని అయిపోయింది. ఆ ఊరి బెస్తాయన ఒకాయన చెరుకు తోటలో బెల్లం వండే పెద్ద ఇనుప పెనాన్ని నలుగురితో మోయించుకొచ్చి, నీళ్ళలో వేసి, మోకు కట్టి, ఇద్దరిద్దరిగా మనుషులందరినీ ఒడ్డుకు చేర్చినాడు. ఎడ్లు మాత్రం పోయినవి. మనుషులు పోలేదు కాబట్టి విచారణ కూడా జరగలేదు.

మరుసటి సంవత్సరం నేను ఊరూరా తిరిగి కొత్త జాబితా తయారు చేసినానని రాయాలని ఉన్నది. కాని ఈ వయసులో అబద్ధం ఎందుకు? మూడో పేరు కొట్టివేసి, మిగిలిన మూడు పేర్లు అట్లాగే నకలు చేసినాను. పెనం తెచ్చిన బెస్తాయన పేరు చేర్చాలన్న ఆలోచనే రాలేదు. అసలు ఆయన పేరేమిటని నేను గాని, మరొకరు గాని అడగలేదు.

ప్రభుత్వ శాఖల అసమర్థత అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ నకలు గుర్తుకు వస్తుంది. అసమర్థత అంటే ఎవరో దుర్మార్గుడు చేసే పని అనుకుంటాం. కాదు. మంచి దస్తూరితో, గడువులోపల, ఏ తప్పూ లేకుండా రాసిన నకలు కూడా అసమర్థతే.

తీరం నేర్చుకున్న పాఠం

ప్రభుత్వాలకు ఇది అసలు చేతకాదా అంటే, చేతనవును. దానికి మన తెలుగు నేలనే సాక్ష్యం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయినారు. తుఫాను వస్తున్నదన్న హెచ్చరిక ఉన్నది, కాని అది లంక గ్రామాల గుడిసెల దాకా పోలేదు. పోయిన చోట కూడా ఎక్కడికి పోవాలో జనానికి తెలియదు, పోదామంటే గట్టి కట్టడం లేదు.

ఆ దెబ్బ తరువాత తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు లేచినవి. తుఫాను వస్తే ఏ అధికారి ఏం చేయాలో ప్రణాళిక తయారైంది. 1990 మే 9న అంతే భయంకరమైన తుఫాను కృష్ణా తీరాన్ని తాకింది. ఆ లోపల ఆరు లక్షలమందికి పైగా జనాన్ని తరలించినారు. మృతుల సంఖ్య వెయ్యి లోపల ఆగింది. వెయ్యి కూడా తక్కువ కాదు. కాని పది వేలకు, వెయ్యికి నడుమ ఉన్న తేడాకు పేరు ముందస్తు ఏర్పాటు. తుఫాను మారలేదు, పదమూడేళ్ళలో ఏర్పాటు మారింది.

దురదృష్టవశాత్తు ఆ పాఠం తీరంలోనే ఉండిపోయింది. మన జిల్లాలలో సహాయ చర్యలు అంటే కరువు పనులు. ఆపద అంటే వాన పడకపోవడం. మన ఫైళ్ళన్నీ కరువు చుట్టూ తిరిగినవి. వాగు ఒక్క రాత్రిలో ఊరిని ముంచగలదన్న భయం కార్యాలయానికి లేదు.

చట్టం వచ్చింది

2004 డిసెంబరు సునామీ తరువాత, 2005లో కేంద్రం విపత్తుల నిర్వహణ చట్టం చేసింది. ప్రధానమంత్రి అధ్యక్షతన జాతీయ సంస్థ, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర సంస్థ, కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థ ఏర్పడవలెనని, ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండి ఏటేటా దానిని సవరించవలెనని అందులో ఉన్నది. చదవడానికి ముచ్చటైన చట్టం.

2013లో కాగ్ సంస్థ దీని మీద నివేదిక ఇచ్చింది. చట్టం వచ్చి ఆరేళ్ళు దాటినా జాతీయ ప్రణాళికే తయారు కాలేదని, జాతీయ కార్యనిర్వాహక సంఘం 2008 మే తరువాత సమావేశమే కాలేదని అందులో తేలింది. జాతీయ ప్రణాళిక చివరికి 2016లో వెలువడింది. ఢిల్లీలోనే పదేళ్ళు పట్టిన పని మండల కార్యాలయం దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో మిత్రులు ఊహించుకోవచ్చు.

వరుసగా మూడు హెచ్చరికలు

2025లో ఇది హఠాత్తుగా వచ్చిందా? రాలేదు. అంతకు ముందు మూడేళ్ళూ వరుసగా మన రాష్ట్రంలోనే హెచ్చరికలు వచ్చినవి.

2022 జూలైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అది వదలగలిగింది 3 లక్షలు. ఉన్న 18 గేట్లలో ఒకటి లేవలేదు. కట్ట మీదుగా నీరు పొర్లింది, దిగువ జనం ఊళ్ళు ఖాళీ చేసినారు. 1958లో ఒకసారి తెగిన ప్రాజెక్టు అది. 2023 జూలైలో మళ్ళీ వరద వచ్చినప్పుడు కూడా కొన్ని గేట్లు లేవలేదు.

2023 జూలై 27న తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచింది. జనం నిద్రలో ఉన్నారు. లేచి చూస్తే ఇంటిలో నీళ్ళు. మిద్దెలు, చెట్లు ఎక్కి గంటల తరబడి ఎదురు చూసినారు. కొందరు కొట్టుకొనిపోయినారు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులకు పెరిగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకున్నారు. వాతావరణం అనుకూలించక హెలికాప్టరు రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు, ఎవరు వద్దన్నా వినకుండా వంతెన మీదికి పోయి వాళ్ళను తీసుకొచ్చినాడు. ఆ వార్త చదివి మా బెస్తాయన పెనం నా కళ్ళ ముందు కదలాడింది. నలభై ఏళ్ళయినా జాబితాలో లేని మనిషే రక్షించినాడు.

ఒక మంచి మాట కూడా చెప్పవలె. ఖమ్మం వరదల తరువాత 2024 డిసెంబరులో రాష్ట్రానికి సొంత విపత్తు దళం ఏర్పడింది. మన ఎల్లారెడ్డి మండలం బొగ్గుగుడిసె దగ్గర వరదలో చిక్కుకున్న కూలీలను ఆ దళం వాళ్ళే ఒడ్డుకు చేర్చినారు. జాతీయ దళం, పోలీసులు, కరెంటు లైన్‌మెన్లు, మునిసిపల్ కార్మికులు ఆ రెండు రోజులూ ప్రాణాలకు తెగించి పనిచేసినారు. వాళ్ళకు మన సంఘం తరఫున నమస్కారాలు. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు. వాళ్ళు నీళ్ళలోకి దిగే దాకా వచ్చిన పరిస్థితి మీద.

ఖాళీ కుర్చీలు

ఇక అసలు సంగతికి వస్తాను. 2025 ఆగస్టు 27న ఊళ్ళో ప్రభుత్వం తరఫున ఎవరున్నారు?

సర్పంచులు లేరు. వాళ్ళ పదవీకాలం 2024 జనవరి నెలాఖరుతో ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు లేరు. వాళ్ళ గడువు 2024 జూలైలో ముగిసింది. మునిసిపల్ కౌన్సిలర్ల పదవీకాలం 2025 జనవరిలో ముగిసింది. విపత్తుల చట్టం ప్రకారం జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షుడైతే, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు సహాధ్యక్షుడు. ఆ కుర్చీ కూడా ఖాళీయే.

పోనీ, ఉద్యోగి ఉన్నాడా? గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను 2020 సెప్టెంబరులో రద్దు చేసినారు. గ్రామ రెవెన్యూ సహాయకులను 2023లో ఇతర శాఖలకు పంపినారు. రెవెన్యూ శాఖకు ఊళ్ళో కన్ను, చెవి లేకుండా పోయినవి. కొత్తగా గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చింది 2025 సెప్టెంబరు 5న. అంటే వరద వచ్చిన తొమ్మిది రోజులకు.

పంచాయతీ కార్యదర్శి ఉన్నాడు, నిజమే. ఎన్నికలు లేక ఊరి భారమంతా ఆయన మీదనే పడి ఉన్నది. ప్రత్యేకాధికారి ఉన్నాడు, ఆయనకు సొంత శాఖ పని ఉండనే ఉన్నది, పైగా పండుగ సెలవు. వానను కొలిచే యంత్రాలు మాత్రం ఇప్పుడు మండలానికి ఒకటి రెండు ఉన్నవి. అర్గొండలో ఎంత పడిందో గంట గంటకు హైదరాబాదులో తెలిసిపోతుంది. మన కాలంలో తాలూకా కచేరీలో పొద్దున 8.30కి గరాటు ఎత్తి కొలిచి రాసుకునేవాళ్ళం. ఎంత అభివృద్ధి! కాని హైదరాబాదులో తెలిసిన లెక్క వాగు పక్క ఇంటికి రావాలంటే, నడుమ ఒక మనిషి కావాలి. ఆ మనిషి కుర్చీనే ఖాళీగా ఉన్నది.

సర్పంచి ఉంటే వాన ఆగేదని నేననను. వీఆర్వో ఉంటే పోచారానికి వరద తగ్గేదనీ అనను. అవినీతి ఆరోపణలతోనే ఆ వ్యవస్థను రద్దు చేసినారన్నది కూడా తెలుసు. కాని ఒక పార్టీ ప్రభుత్వం ఊరి ఉద్యోగిని తీసివేసింది, తరువాత వచ్చిన మరో పార్టీ ప్రభుత్వం పందొమ్మిది నెలలు ఊరికి ఎన్నిక పెట్టకుండా ఉన్నది. రెండూ కలిసి వచ్చిన రోజున వరద కూడా వచ్చింది. ఏ ప్రణాళికలోనూ ‘ఈ కుర్చీ ఖాళీ’ అని రాసి ఉండదు. హోదా పేరు ఉంటుంది, ఫోను నంబరు ఉంటుంది. మా జాబితాలో మూడో పేరు ఉన్నట్టే.

మనం చేయగలిగింది

పింఛనుదారులం, మనం చేయగలిగింది ఏమున్నదని కొందరు మిత్రులు అడగవచ్చు. ఉన్నది. నా మనవి ఇది.

ఒకటి. మన సంఘంలో రెవెన్యూ, నీటిపారుదల, పంచాయతీరాజ్, విద్యాశాఖల్లో పనిచేసిన వాళ్ళం ఉన్నాం. ఎవరి ఊరిలో ఏ చెరువు మత్తడి ఎటు పోతుంది, ఏ వాగు ఎక్కడ దారి మార్చింది, ఏ శిఖం భూమిలో ఇప్పుడు ఇండ్లు లేచినవి, ఎక్కడ నీరు ముందు నిలుస్తుంది అన్నది మనకు తెలుసు. అది ఏ కంప్యూటరులోనూ లేదు. ఒక్కొక్కరం ఒక్కొక్క ఊరి గురించి రెండు పేజీలు రాసి సంఘానికి ఇద్దాం. సంఘం దానిని కలెక్టరుగారికి అందజేయవలె.

రెండు. ప్రతి యేటా మే నెలలో ఊరి జాబితాను ఊళ్ళోనే, గ్రామసభలో చదివి వినిపించవలెనని ప్రభుత్వాన్ని కోరుదాం. జాబితా జనం నడుమ చదివితే చనిపోయిన మనిషి పేరు అందులో నిలవదు. “ఆయన పోయినాడు సారూ” అని ఎవరో ఒకరు అక్కడికక్కడే చెబుతారు.

మూడు. పోచారం వంటి పాత కట్టడాలకు ఇప్పటి వానల లెక్కతో వరద అంచనా తిరిగి వేసి, ఆ సంఖ్యను కట్ట మీద బోర్డు రాసి పెట్టవలె. దిగువ ఊరి రైతుకు తెలియని లెక్క ఎంత గొప్పదైనా నిష్ప్రయోజనం.

నాలుగు. చెరువుకొక మనిషి. పాత వెట్టి నీరడి కాదు, నెల జీతం తీసుకునే ఉద్యోగి. ఆయన కుర్చీని ఏ ప్రభుత్వమూ ఖాళీగా ఉంచరాదు. గ్రామ పాలన అధికారులు వచ్చినారు, సర్పంచులు వచ్చినారు. సంతోషం. వచ్చే వానాకాలానికి వాళ్ళ చేతిలో ఆ రెండు పేజీలు ఉండేటట్టు చూడడం మన బాధ్యత.

నా వంతుగా మా ఊరి రెండు పేజీలు రాసి ఈ వ్యాసంతో పాటే సంపాదకులకు పంపుతున్నాను. ఈసారి పాత ఫైలు చూసి నకలు చేయలేదు. చేతికర్ర పట్టుకొని, మనవణ్ణి తోడు తీసుకొని కట్ట పొడవునా నడిచి రాసినాను. ఈతగాళ్ళ పేర్లు రాసేటప్పుడు ఇంటింటికీ పోయి మనిషిని కళ్ళారా చూసి రాసినాను. నలభై ఏళ్ళ కింద చేయవలసిన పని.

పెనం తెచ్చిన ఆ బెస్తాయన కోసం ఆ పాత ఊరికి కూడా పోయినాను. ఆయన లేడు. కొడుకు ఉన్నాడు. తండ్రి పేరు అడిగి రాసుకొని వచ్చినాను. చనిపోయిన మనిషి పేరు జాబితాలో ఉండరాదు కనుక ఆ కాగితంలో చేర్చలేదు. నా డైరీలో ఉన్నది.